వార్తల్లో పదం: ప్రూవబ్లీ ఫెయిర్

క్రిప్టో కాసినోల ప్రకటనల్లో తరచూ కనబడే మాట ఇది. ‘మా ఆటలో మోసం లేదు, కావాలంటే మీరే లెక్క కట్టి చూసుకోండి’ అని దీని భావం.

పందెం కాయక ముందే కాసినో సర్వర్ ‘సీడ్’ అనే ఒక రహస్య అక్షరాల వరసను ఎంచుకుని, దాని ‘హ్యాష్‌’ను ఆటగాడికి చూపిస్తుంది. హ్యాష్ అంటే సీలు వేసిన కవరు లాంటిది. దాన్ని చూసి లోపలిదేమిటో చెప్పలేం. ఆటగాడు తన వంతుగా మరో సీడ్ ఇస్తాడు. ఈ రెండూ, పందెం వరస సంఖ్యా కలిపితే ఫలితం తేలుతుంది. తర్వాత కాసినో తన సీడ్‌ను బయటపెడుతుంది. దాన్ని ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో హ్యాష్ చేసి, ముందు చూపినదానితో పోల్చుకోవచ్చు. ఒక్క అక్షరం మారినా హ్యాష్ మొత్తం మారిపోతుంది కాబట్టి మధ్యలో చెయ్యి పెడితే దొరికిపోతారు.

తెలివైన ఏర్పాటే, కాదనలేం. కానీ పాచిక మార్చలేదని తేలినంత మాత్రాన ఆట సమానమైపోదు. ఒక డైస్ ఆటలో గెలిచే అవకాశం 49.5 శాతం, గెలిస్తే రెట్టింపు ఇస్తారనుకోండి. వందకు సగటున రూపాయి కాసినోకే. దీన్నే ‘హౌస్ ఎడ్జ్’ అంటారు. రూపాయేగా! అదే వంద రూపాయల పందెం వెయ్యిసార్లు కాస్తే సగటు నష్టం 1,000 రూపాయలు. క్షణాల్లో తేలే ఆట కదా, అందుకు ఓ పూట చాలు. ఒకే సున్నా ఉన్న రూలెట్‌లో ఈ కోత 2.7 శాతం.

ఇక గెలిచిన సొమ్ము చేతికిస్తారా అన్నదానికి హ్యాష్‌తో సంబంధమే లేదు.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలపై తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధం తెచ్చాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించే చట్టం చేసింది.