పట్టుకోవాలి, వదలాలి

సూదిని అంటుకొనే రాయిని సూదంటురాయి అంటారు. అదే అయస్కాంతం. అది ఇనుమును ఎప్పుడూ పట్టుకొనే ఉంటుంది. కావాలంటే పట్టుకొని, వద్దంటే వదిలేసే అయస్కాంతం కూడా ఉంది. అది కరెంటుతో పనిచేస్తుంది. దాని పేరు విద్యుదయస్కాంతం.

1825లో ఇంగ్లండులో విలియం స్టర్జన్ దీన్ని చేసి చూపించాడు. ఆయన చెప్పులు కుట్టే కుటుంబంలో పుట్టాడు. 200 గ్రాముల ఇనుప కడ్డీకి రాగి తీగ చుట్టి కరెంటు పంపాడు. అది 4 కిలోల బరువును పట్టుకొని నిలిపింది.

ఇంట్లో చేసి చూడవచ్చు

ఒక పెద్ద ఇనుప మేకు తీసుకోవాలి. మోటారు వైండింగుకు వాడే సన్నని రాగి తీగను దానికి 50, 60 చుట్లు చుట్టాలి. తీగ మీద వార్నీషు పూత ఉంటుంది. రెండు కొసల దగ్గర ఆ పూతను గీకేయాలి. కొసలను టార్చిలైటు బ్యాటరీకి ఆనించాలి. మేకు గుండుసూదులను లాగుతుంది.

జాగ్రత్త! ఇంటి కరెంటుకు దీన్ని ఎప్పుడూ పెట్టకూడదు. ప్రాణం పోతుంది. బ్యాటరీతో కూడా ఐదారు సెకన్లకు మించి ఉంచకూడదు. తీగ కాలుతుంది.

లోపల ఏ కడ్డీ పెట్టాలి?

చెక్క: ఉదయగిరి చెక్క చెంచాలకు మంచి పేరు. ఈ పనికి మాత్రం చెక్క పనికిరాదు.

రాగి, అల్యూమినియం: ఇవీ పనికిరావు. సూదంటురాయికి అంటుకోనిది ఏదీ ఇక్కడ పనికిరాదు. కొన్ని స్టీలు చెంచాలు కూడా అంటుకోవు.

దబ్బనం: ఇది ఉక్కు. సూదులను లాగుతుంది. కాని కరెంటు తీసేసినా వదలదు.

మెత్తని ఇనుము: ఇదే మంచిది. బాగా లాగుతుంది. కరెంటు తీయగానే వదిలేస్తుంది.

ఎందుకు ఇట్లా?

ఇనుములో కంటికి కనపడని చిన్న చిన్న అయస్కాంతాలు ఉంటాయి. అవి తలో దిక్కు చూస్తుంటాయి. కరెంటు పారితే అన్నీ ఒకే దిక్కుకు తిరుగుతాయి. అందరూ కలిసి మోకు లాగినట్టు బలం వస్తుంది. కరెంటు పోతే మెత్తని ఇనుములో అవి మళ్లీ చెదిరిపోతాయి. ఉక్కులో చాలావరకు అట్లాగే నిలిచిపోతాయి.

మేకు కూడా ఒకటి రెండు సూదులను వదలకపోవచ్చు. అప్పుడు తీగ తీసేసి, మేకును నిప్పుల్లో ఎర్రగా కాల్చి, బూడిదలో మెల్లగా చల్లారనివ్వాలి. ఇనుము మెత్తబడుతుంది. కమ్మరి కొడవలిని గట్టిపరచడానికి నీళ్లలో ముంచుతాడు. ఇది దానికి ఎదురు పని.

బోరు మోటారులో ఇదే సంగతి

సీతారామపురం, ఉదయగిరి వైపు మెట్ట పొలాల్లో బోర్లే ఆధారం. మోటారు స్టార్టరు లోపల విద్యుదయస్కాంతం ఉంటుంది. పచ్చ బటను నొక్కితే అది కరెంటును కలుపుతుంది. కరెంటు పోతే వదిలేస్తుంది. అందుకే మామూలు స్టార్టరులో కరెంటు తిరిగి వచ్చినా మోటారు దానంతట అది తిరగదు. ఉక్కు కడ్డీ ఉంటే అతుక్కొనే ఉండవచ్చు. కరెంటు లేదు కదా అని మోటారు మీద చెయ్యి పెట్టిన మనిషి ఏమౌతాడు? అందుకే స్టార్టరులో కూడా తేలికగా వదిలే మెత్తని ఇనుమునే పలుచని రేకులుగా పేర్చి వాడతారు.

ఆటో స్టార్టరు ఉంటే మోటారు దానంతట అదే తిరుగుతుంది. కాబట్టి ఏ స్టార్టరు ఉన్నా మెయిను ఆపిన తరువాతే మోటారును ముట్టాలి.

చెప్పండి

1. దబ్బనం ఎందుకు పనికిరాదు?
2. మేకును ఎట్లా మెత్తబరచాలి?
3. మోటారును ముట్టే ముందు ఏం చేయాలి?