లా స్టూడెంట్ మన కాగితాలు చూస్తే ఏం లాభం?

ఖాజాగూడ అపార్ట్‌మెంట్లలో ఇంటిపని చేసే ఒక ఆపాకు తలాక్ అయిందనుకుందాం. మెహర్ చేతికి రాలేదు, పిల్లల ఖర్చులు ఆగిపోయాయి. వకీల్ సాబ్ ఫీజు ఎంత అడుగుతారోనని భయం. ఏ కోర్టుకు పోవాలో, ఏ కాగితం కావాలో తెలియదు. లా కాలేజీల లీగల్ ఎయిడ్ క్లినిక్‌లు పనికొచ్చేది ఇక్కడే.

ఇది కాలేజీ వాళ్లు దయతలచి చేసే పని కాదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నిబంధనల ప్రకారం ప్రతి లా కాలేజీ ఒక సీనియర్ లెక్చరర్ పర్యవేక్షణలో క్లినిక్ నడపాలి. దాంతోపాటు మూడేళ్ల కోర్సు పిల్లలకు కనీసం 12 వారాలు, ఐదేళ్ల వాళ్లకు 20 వారాలు ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. డాక్టరు చదువుకు పేషెంట్లు ఎలాగో, ఇదీ అలాగే. పుస్తకంలో సెక్షన్లు వరుసగా ఉంటాయి. ఎదురుగా కూర్చున్న మనిషి మాత్రం అత్తగారితో గొడవ నుంచి మొదలుపెట్టి, ఇంటికి నోటీసు వచ్చిన సంగతి లేచి వెళ్లేటప్పుడు చెబుతుంది. ఆ కథలోంచి తేదీలు, రుజువులు ఏరడమే అక్కడ నేర్చుకునే విద్య.

ఆపా వెంట తీసుకెళ్లాల్సినవి నికానామా, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, స్కూల్ ఫీజు రసీదులు, భర్త ఎక్కడ పనిచేస్తాడో తెలిపే ఏదైనా కాగితం. విద్యార్థి జరిగినదంతా తేదీల వారీగా రాసుకుని దరఖాస్తు తయారుచేస్తే, పైవాళ్లు చూసి దిద్దుతారు. "తలాక్ అయ్యాక మనకు భరణం రాదు" అని బస్తీలో ఎవరో ఒకరు ఆమెకు చెప్పే ఉంటారు. అది తప్పు. తెలంగాణ నుంచే వెళ్లిన ఒక కేసులో 2024 జులై 10న సుప్రీంకోర్టు, విడాకులైన ముస్లిం మహిళ కూడా సీఆర్‌పీసీ 125 కింద భరణం అడగొచ్చని తీర్పు చెప్పింది. ఆ సెక్షనే ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్‌లో 144 అయింది.

అయితే విద్యార్థి కోర్టులో వాదించలేడు. 1961 అడ్వకేట్ల చట్టం ప్రకారం ఆ హక్కు అడ్వకేట్లదే. క్లినిక్‌లో ఎవరైనా ఫీజు అడిగితే లేచి వచ్చేయండి.

కోర్టు దాకా వెళ్లాల్సి వస్తే 1987 లీగల్ సర్వీసెస్ చట్టం ఉంది. దాని 12వ సెక్షన్ కింద మహిళలు ఎవరైనా, ఆదాయంతో సంబంధం లేకుండా, ఉచితంగా వకీల్‌ను అడగొచ్చు. మనవాళ్లలో చాలామంది తెల్ల రేషన్ కార్డు ఉంటేనే ఇస్తారనుకుంటారు. ఖాజాగూడ రంగారెడ్డి జిల్లాలోది, జిల్లా కోర్టులేమో ఎల్బీనగర్‌లో. ఒకరోజు కూలి పోగొట్టుకుని బస్సులు మారే ముందు 15100కు ఫోన్ చేసి కనుక్కోండి.

కాలేజీల్లో బంజారాహిల్స్‌లోని సుల్తాన్-ఉల్-ఉలూమ్ దగ్గర, శామీర్‌పేటలోని నల్సార్ దూరం. క్లినిక్ ఏ రోజు ఉంటుందో ముందే అడగండి, పరీక్షలప్పుడు పిల్లలు దొరక్కపోవచ్చు. నికానామా ఒరిజినల్ మాత్రం ఎవరి దగ్గరా వదలొద్దు, జిరాక్స్ ఇవ్వండి.