మీకు తెలుసా?: కాంస్యం తెచ్చిన కెప్టెనే కోచ్ అయ్యాడు

శ్రీకాకుళం, విజయనగరం వైపు ఆటలంటే ముందు గుర్తొచ్చేది వెయిట్‌లిఫ్టింగే. ఆమదాలవలస బిడ్డ కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చారు. ఆమె తండ్రి మాత్రం కాలేజీ రోజుల్లో ఫుట్‌బాల్ ఆడారు!

ఫుట్‌బాల్‌లో ఒకప్పుడు తెలుగువాళ్ల అడ్డా హైదరాబాద్. అక్కడి సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ కొట్టింది. 1944లో ఆ నగరంలోనే పుట్టిన డిఫెండర్ సయ్యద్ నయీముద్దీన్. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో ఆయన కెప్టెన్సీలో భారత్ జపాన్‌ను ఓడించి కాంస్యం గెలిచింది. ఆ తర్వాత ఆసియా క్రీడల్లో మన పురుషుల జట్టుకు మరో పతకం రాలేదు. ఇన్నేళ్లా? అవును, ఇన్నేళ్లే.

బూట్లు విప్పాక కోచ్ అయ్యారు. కోల్‌కతాలో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ రెండింటికీ శిక్షణ ఇచ్చారు. ఆ రెండు క్లబ్బుల అభిమానులూ ఎదురుపడితే నిప్పులే, మరి! భారత జట్టు ఆయన శిక్షణలో 1997లో కాఠ్మాండూలో, 2005లో కరాచీలో దక్షిణాసియా టైటిల్ గెలిచింది. పొరుగున బంగ్లాదేశ్ జాతీయ జట్టుకూ ఆయన కోచ్‌గా పనిచేశారు.

ఆటగాడిగా 1970లో అర్జున, కోచ్‌గా 1990లో ద్రోణాచార్య: రెండు పురస్కారాలూ ఆయనవే.