విరాళానికి బదులు సంచి

అమెరికాలో ఉన్న మీ పిల్లల దగ్గరకు వెళ్లినవారు ఇది వినే ఉంటారు. కారులో రేడియో వార్తలు వస్తుంటాయి. ఉన్నట్టుండి వార్తలు ఆపి ఇద్దరు మాట్లాడతారు: "ఈ స్టేషను మీ విరాళాలతో నడుస్తోంది, ఇప్పుడే ఫోను చేయండి." ఏడాదిలో కొన్నిసార్లు, రోజుల తరబడి ఇలా అడుగుతారు. ఇంత ఇస్తే కాఫీ కప్పు, మరికొంత ఇస్తే స్టేషను పేరున్న గుడ్డసంచి.

మన దేశంలో ఒకప్పుడు రేడియో ఉన్నవారు పోస్టాఫీసులో లైసెన్సు రుసుము కట్టేవారు. పెద్దలకు గుర్తుండే ఉంటుంది. అమెరికాలో అలాంటి రుసుము లేదు. 1949లో కాలిఫోర్నియాలోని బర్క్లీలో కె.పి.ఎఫ్.ఏ. అనే స్టేషను ఆరంభమైంది. వ్యాపార ప్రకటనలు తీసుకోదు, శ్రోతలే పోషించాలి. అయితే ఇక్కడొక చిక్కుంది. ఇవ్వనివాడికి కూడా రేడియో వినబడుతుంది! 1950లో డబ్బు చాలక ఆ స్టేషను మూగబోయింది. శ్రోతలు పూనుకోగా 1951లో తిరిగి మాట్లాడింది.

1967లో చట్టం వచ్చాక ప్రభుత్వ సొమ్ము కూడా ఇలాంటి స్టేషన్లకు అందింది. 2025 జులైలో అమెరికా కాంగ్రెసు దానిలో సుమారు 110 కోట్ల డాలర్లను రద్దుచేసింది. ఆ సొమ్ముపైనే ఎక్కువగా ఆధారపడిన చిన్న ఊళ్ల స్టేషన్లకు గట్టి దెబ్బ తగిలింది. కాబట్టి నేడు ఆ అడగడం మాటవరసకు కాదు.

ఇక ఆ సంచి ఖర్చు ఎవరిది? ఇచ్చినవారిదే. విలువైన బహుమతి తీసుకుంటే పన్ను మినహాయింపు కూడా తగ్గుతుంది. 120 డాలర్లు ఇచ్చి 40 డాలర్ల వస్తువు తీసుకున్నారనుకోండి, 80కే మినహాయింపు. అందుకే చాలామంది "నాకేమీ వద్దు" అని రాసి పంపుతారు. నెలనెలా కొంచెం ఇస్తామని ఒప్పుకొనేవారే స్టేషనుకు అసలైన ఆధారం. వచ్చే నెల ఎంత వస్తుందో ముందే తెలుస్తుంది గదా.

2012లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇద్దరు దీనిని పరీక్షించి చూశారు. బహుమతి ఇస్తామని చెప్పినప్పుడు జనులు ఇవ్వదలచిన మొత్తం పెరగలేదు, తగ్గింది. మనసారా ఇద్దామనుకున్నవారికి అది బేరంలా తోచి ఉండవచ్చునని వారి తలంపు.

నేను నమ్ముతాను. మా సంఘంలో కట్టడ నిధికి వెయ్యి రూపాయలు ఇచ్చినవారి పేర్లు రాతిపలకపై చెక్కిస్తామని నేనే ప్రకటించాను. ప్రతి ఆదివారం కొంగుముడి విప్పి పది రూపాయలు వేసే ఒక అవ్వ, ఆ వారం నా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, ఇక నాది అక్కర్లేదేమో?" అని అడిగింది. ఆ పలక చేయించలేదు.