బదిలీ సామానులో అతి చిన్న పెట్టె

పిల్లలూ! బదిలీ ఉత్తర్వు రాగానే మన ఇళ్లలో మొదట వెతికేది అట్టపెట్టెల కోసం. మంచాలు, బీరువాలు, గిన్నెలు లారీ ఎక్కుతాయి. వాటిలో ఏదైనా విరిగినా మళ్లీ కొనుక్కోవచ్చు. పాత బడి స్నేహితులతో దిగిన ఫొటోలు, తాతయ్య గొంతుతో రికార్డు చేసుకున్న కథ పోతే మాత్రం ఏ దుకాణంలోనూ దొరకవు. వాటిని మోసుకెళ్లే అతి చిన్న పెట్టె పెన్‌డ్రైవ్. దాన్ని ఎలా ఎంచుకోవాలో, ఎలా వాడుకోవాలో తెలుసుకుందాం.

లోపల ఏముంది?

పెన్‌డ్రైవ్‌లో తిరిగే భాగాలు ఉండవు. సమాచారాన్ని దాచే ఫ్లాష్ మెమరీ చిప్ ఒకటి, దాన్ని నడిపే కంట్రోలర్ చిప్ ఒకటి ఉంటాయి. ఫ్లాష్ మెమరీని 1980లలో జపాన్‌లోని తోషిబా సంస్థలో ఫుజియో మసువోకా రూపొందించారు. కంప్యూటర్‌కు తగిలించే యూఎస్‌బీ పద్ధతి 1996లో వచ్చింది. దాన్ని తీర్చిదిద్దిన ఇంటెల్ ఇంజినీర్లలో భారతదేశంలో పుట్టిన అజయ్ భట్ ముఖ్యులు. 2000లో పెన్‌డ్రైవ్‌లు అమ్మకానికి వచ్చినప్పుడు 8 ఎంబీ అంటే గొప్ప. ఈనాటి ఫోను ఫొటో ఒక్కోటి 3 ఎంబీ అనుకుంటే అందులో రెండే పట్టేవి!

కొనేటప్పుడు

32 జీబీ అని రాసి ఉన్న డ్రైవ్‌ను కంప్యూటర్‌కు పెడితే 29.8 జీబీయే కనిపిస్తుంది. దుకాణదారు మోసం చేశాడనుకోకండి. తయారీదారులు వెయ్యితో లెక్క కడితే, విండోస్ 1024తో లెక్క కడుతుంది. తేడా అక్కడే వస్తుంది. అసలు మోసం వేరే ఉంది. అతి తక్కువ ధరకు 1 టీబీ, 2 టీబీ అంటూ అమ్మే డ్రైవ్‌లలో కొన్ని నకిలీవి. లోపల చిన్న చిప్ పెట్టి, పెద్దదని కంప్యూటర్‌ను నమ్మిస్తారు. నిండిన తరువాత వేసిన ఫైళ్లు పేర్లతో కనిపిస్తాయి గాని తెరుచుకోవు. కాబట్టి బిల్లు, వారంటీ ఇచ్చే చోటే కొనండి. కొన్న వారంలోపే నిండా ఫైళ్లు వేసి, చివరి ఫైలు తెరుచుకుంటోందో లేదో చూడండి.

తరువాత వేగం. యూఎస్‌బీ 2.0 కన్నా 3.0 చాలా వేగం. సెకనుకు 20 ఎంబీ చొప్పున రాసే డ్రైవ్‌లోకి 4 జీబీ ఎక్కడానికి మూడు నిమిషాలకు పైనే పడుతుంది. పాత పద్ధతిలో ఫార్మాట్ చేసిన డ్రైవ్ 4 జీబీకి మించిన ఒక్క ఫైలును తీసుకోదు. ఎంత ఖాళీ ఉన్నా ఒప్పుకోదు. ‘ఎక్స్‌ఫ్యాట్’ పద్ధతిలో ఫార్మాట్ చేస్తే ఆ ఇబ్బంది ఉండదు. అయితే ఫార్మాట్ చేస్తే లోపలున్నదంతా చెరిగిపోతుంది. ముందుగా మరోచోట దాచుకోండి.

వాడేటప్పుడు

కాపీ అయిపోయినట్టు కనిపించినా కంప్యూటర్ ఇంకా రాస్తూ ఉండవచ్చు. ‘ఎజెక్ట్’ నొక్కకుండా లాగేస్తే ఫైలు సగంలో ఆగిపోతుంది. పుదుచ్చేరిలో మనకు మరో సంగతి కూడా ఉంది. సముద్రపు ఉప్పుగాలికి ఇనుప కిటికీలు తుప్పు పట్టడం రోజూ చూస్తున్నాం. పెన్‌డ్రైవ్ లోహపు మూతికీ ఆ గాలి మంచిది కాదు. మూత పెట్టి, చిన్న డబ్బాలో తేమ తగలకుండా ఉంచండి.

దారిలో దొరికిన డ్రైవ్‌ను ఎప్పుడూ కంప్యూటర్‌కు పెట్టకండి. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే వైరస్, ఇంటర్నెట్‌కు కలపని కంప్యూటర్లలోకి కూడా పెన్‌డ్రైవ్‌ల ద్వారానే చేరగలిగేది. ప్రింట్లు తీసే దుకాణానికి వెళ్లేటప్పుడు ఆ ఒక్క ఫైలున్న వేరే డ్రైవ్ తీసుకెళ్లండి. కుటుంబం ఫొటోలున్నది ఇంట్లోనే ఉండనివ్వండి.

తెలుగు రాసేవారికి ఒక మాట

పాత తెలుగు ఫాంట్లలో టైపు చేసిన వ్యాసాన్ని కొత్త ఊళ్లో, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. తెలుగును యూనికోడ్‌లో టైపు చేయండి. పీడీఎఫ్‌గా కూడా ఒక ప్రతి ఉంచుకోండి. అప్పుడు గువాహటీలో తెరిచినా జోధ్‌పూర్‌లో తెరిచినా మీ అక్షరాలు అక్షరాలుగానే ఉంటాయి.

ఒక్క ప్రతి చాలదు

ఫ్లాష్ చిప్ సమాచారాన్ని విద్యుదావేశంగా దాస్తుంది. ఏళ్ల తరబడి వాడకుండా వదిలేస్తే ఆ ఆవేశం మెల్లగా జారిపోవచ్చు. అంటే పెన్‌డ్రైవ్ మోసుకెళ్లడానికి మంచిదే గాని, శాశ్వతంగా దాచడానికి నమ్మదగినది కాదు. ముఖ్యమైనవాటికి మూడు ప్రతులు ఉండాలి. ఒకటి కంప్యూటర్‌లో, ఒకటి హార్డ్‌డిస్క్‌లో, ఒకటి ఇంటికి దూరంగా అమ్మమ్మగారి ఊళ్లోనో క్లౌడ్‌లోనో. సీబీఎస్ఈ మార్కుల పత్రాలకైతే 2015లో మొదలైన డిజిలాకర్ ఉంది. ఇల్లు మారేటప్పుడు రెండు ప్రతులను ఒకే పెట్టెలో సర్దకండి. ఒకటి లారీలో పోతే, ఒకటి మీ చేతిసంచిలో ఉండాలి.

ఇది కొత్త తెలివేమీ కాదు. మన ఊళ్లోనే ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేల తాళపత్ర గ్రంథాలు ఉన్నాయి. పుదుచ్చేరిలోని శైవ రాతప్రతులను 2005లో యునెస్కో తన ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. మన తేమకు, పురుగులకు తాటాకు కలకాలం నిలవదు. పాతది శిథిలమయ్యేలోగా ఎవరో ఒకరు కూర్చుని కొత్త ఆకు మీద మళ్లీ రాశారు. అందుకే ఆ చదువు మన దాకా వచ్చింది. వారికి ఒక్కో ప్రతికి ఎన్నో రోజులు పట్టేది. మనకు కొన్ని నిమిషాలు చాలు. ఏడాదికి ఒకసారి, పరీక్షలయ్యాక, మీ డ్రైవ్ తెరిచి అన్నీ సరిగా ఉన్నాయో లేదో చూసి, కొత్త ప్రతి తీసుకోండి.