ఒడ్డూ పొడుగూ ఉన్నా ఆయుష్షు కురచే

ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తయిన కుక్కగా గిన్నిస్ బుక్కుకెక్కినవాటిలో గ్రేట్ డేన్లు చాలా ఉన్నాయి. ఆ చిట్టా చదువుతుంటే ఎత్తులకన్నా వయసులే కలవరపెడతాయి. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రానికి చెందిన జియస్ భుజం దగ్గర 111.8 సెంటీమీటర్లు ఉండేది. వెనక కాళ్ల మీద లేస్తే ఏడడుగులు దాటేది. 2014లో అయిదేళ్లకే పోయింది. టెక్సాస్‌లో అదే పేరున్న మరో గ్రేట్ డేన్ 2022లో రికార్డు కొట్టింది. మరుసటి ఏడాది ఎముక క్యాన్సర్ వచ్చి, కాలు తీసేశాక, మూడేళ్ల వయసులో చనిపోయింది. అయోవాలోని కెవిన్‌కి 2024 జూన్‌లో రికార్డు ప్రకటించిన కొద్దిరోజులకే నూరేళ్లు నిండాయి. దాని వయసూ మూడే. ఇంగ్లండ్‌లోని ఫ్రెడ్డీ ఎనిమిదిన్నరేళ్లు బతికింది. వీటి మధ్య అది దీర్ఘాయువు కిందే లెక్క.

ఇవి మరీ భారీ కుక్కలు కాబట్టి ఇలా జరిగిందనుకుందాం. మామూలు గ్రేట్ డేన్ మాత్రం ఎంతకాలం ఉంటుంది? సాధారణంగా ఎనిమిది నుంచి పదేళ్లు. పేరు డెన్మార్క్‌ని గుర్తు చేసినా, జర్మనీలో అడవిపందుల వేటకి వాడిన కుక్కల నుంచి వచ్చిన జాతి ఇది. మగది కనీసం 80 సెంటీమీటర్ల ఎత్తు, 60 నుంచి 80 కిలోల బరువు తూగుతుంది. రెండుమూడు కిలోలకి మించని చివావా పధ్నాలుగు, పదిహేనేళ్లు హాయిగా బతికేస్తుంది.

జంతులోకంలో ఇది తిరకాసు వ్యవహారం. ఎలుక కన్నా ఏనుగు ఎక్కువకాలం బతుకుతుంది. ఒంటి పరిమాణం పెరిగేకొద్దీ ఆయువూ పెరగడం జాతుల మధ్య మామూలుగా కనిపించే తీరు. కుక్కల్లోకి వచ్చేసరికి లెక్క తలకిందులవుతుంది. జర్మనీలోని గట్టింగెన్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్నీలియా క్రౌస్ బృందం 74 జాతుల కుక్కల మరణాల వివరాలను పరిశీలించి 2013లో ఒక లెక్క తేల్చింది: ప్రతి రెండు కిలోల అదనపు బరువుకీ సుమారు ఒక నెల ఆయుష్షు తగ్గుతోంది. పెద్ద కుక్కల శరీరం వేగంగా ముసలిదవుతుందనీ, తొందరగా పోవడానికి ముఖ్యకారణం అదేననీ వాళ్లు తేల్చారు.

ఆ వేగానికి మూలం ఎదుగుదలలోనే ఉందని చాలామంది శాస్త్రవేత్తల అనుమానం. గ్రేట్ డేన్ కూన పుట్టినప్పుడు అరకిలో పైచిలుకు ఉంటుంది. ఏడాది తిరిగేసరికి యాభై కిలోలు దాటుతుంది. అంటే దాదాపు వంద రెట్లు! మనిషి బిడ్డ మూడు కిలోలతో పుట్టి అరవై కిలోలు కావడానికి, అంటే ఇరవై రెట్లు పెరగడానికి, పదిహేను ఇరవై ఏళ్లు పడుతుంది. కుక్కల ఒడ్డూ పొడుగులను శాసించేవాటిలో ముఖ్యమైన జన్యువు ఐజీఎఫ్-1 అని 2007లో బయటపడింది. కణాలను విభజన చెందమని తరిమే హార్మోన్‌ని తయారుచేసేది ఈ జన్యువే. కణ విభజన అంత జోరుగా సాగితే పొరపాట్లూ, క్యాన్సర్లూ పెరగవచ్చు.

ఇక్కడే యజమానులు అడ్డంగా దొరికిపోతారు. వారానికి రెండు కిలోల దాకా పెరిగే పిల్లని చూసి, 'ఇంత ఎదుగుతోంది, బలం చాలొద్దూ' అని గిన్నె నింపేస్తారు. 1974లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో కొన్ని గ్రేట్ డేన్ పిల్లలకి పుష్టికరమైన తిండి తిన్నంత పెట్టి, మరికొన్నిటికి తగ్గించి పెట్టి చూశారు. కడుపునిండా తిన్నవి త్వరగా పెరిగాయి, వాటికే ఎముకల రోగాలు ఎక్కువొచ్చాయి. తర్వాత నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో హేజ్‌వింకెల్ అనే పశువైద్యుడు తిండిలో కాల్షియం మూడింతలు చేసి చూశాడు. ఎముకలు గట్టిపడలేదు సరికదా, మృదులాస్థి ఎముకగా మారడమే మందగించి కాళ్లు వంకరపోయాయి. లేతపిల్లల పేగుకి అదనపు కాల్షియాన్ని వదిలేయడం చేతకాదు, వచ్చినదాన్ని లోపలికి లాగేసుకుంటుంది. మన ఊళ్లలో మందులషాపులో కాల్షియం సిరప్ కొని పాలల్లో కలిపి పట్టేవారికి ఈ సంగతి ఎవరైనా చెప్పాలి. పెద్ద జాతుల పిల్లలకని ప్రత్యేకంగా తయారుచేసిన ఆహారం పెడుతుంటే ఆ సీసా అక్కర్లేదు. పక్కటెముకలు చేతికి తగిలేలా సన్నగా ఉన్న పిల్లే ఆరోగ్యంగా ఉన్నట్టు. ఏడాదిన్నర దాటేవరకు మెట్ల మీద పరుగులు, గెంతులు, దూరాల జాగింగ్ వద్దు. నున్నటి గ్రానైట్ గచ్చు మీద ఒక చాప పరవడం కూడా వైద్యమే.

ఎముకలు చల్లగా ఉన్నా కడుపుతో వచ్చే గండం మిగిలే ఉంది. రాత్రి తిండి తిన్న కుక్క పడుకోకుండా అటూ ఇటూ తిరుగుతుంది. వాంతి చేసుకోబోతుంది, తెల్లటి నురగ తప్ప ఏమీ రాదు. చొంగ కారుస్తూ తన డొక్క వైపే చూసుకుంటుంది. కాసేపటికి పొట్ట డప్పులా బిగుసుకుంటుంది. జీర్ణాశయం గాలితో ఉబ్బి, మెలి తిరిగి, రెండు ద్వారాలూ మూసుకుపోయాయన్నమాట. ఉబ్బిన సంచి పెద్ద రక్తనాళాన్ని నొక్కేస్తే గుండెకి రక్తం చేరదు. తెల్లారేదాకా ఆగితే కుక్క దక్కదు. గ్రేట్ డేన్‌కి జీవితకాలంలో ఈ గండం వచ్చే అవకాశం నూటికి నలభై పైనేనని అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ పరిశోధకుల అంచనా. మెడ నొప్పి పుడుతుందేమోనని గిన్నెను స్టూలు మీద పెట్టడం చాలా ఇళ్లలో అలవాటు. ఈ ప్రమాదం దానివల్ల తగ్గదు, పెరుగుతుందని తేల్చిందీ వాళ్లే. రోజుకి రెండుమూడుసార్లు కొద్దికొద్దిగా, నెమ్మదిగా తినిపించడం మేలు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించే రోజునే జీర్ణాశయాన్ని పొట్ట లోపలి గోడకి కుట్టించేస్తే మెలి పడే భయం దాదాపు పోతుంది.

గుండె కండరం పలచబడి సాగిపోయే జబ్బూ ఈ జాతిని వదలదు. నాలుగేళ్లు దాటాక ఏటా ఒకసారి గుండె పరీక్ష చేయించడం మంచిది. విజయవాడ, రామగుండం ఎండల్లో మధ్యాహ్నం పూట బయటికి తీసుకెళ్లకూడదని వేరే చెప్పాలా!

పిల్లని కొనేముందు ధర తర్వాత అడగండి. తల్లీ తండ్రీ, వాటి ముందుతరం ఏ వయసులో, ఏ జబ్బుతో పోయాయో ముందు అడగండి. జవాబు చెప్పలేనివాళ్ల దగ్గర కొనకండి. రాత్రివేళ కూడా కడుపు ఆపరేషన్ చేయగల పశువుల ఆసుపత్రి మీ ఊరికి ఎంత దూరంలో ఉందో అప్పుడే తెలుసుకుని పెట్టుకోండి.