ఓమగింజ ఘాటులో ఉన్నదేమిటి?

కొత్తకోట మీదుగా పోయే జాతీయ రహదారిని పట్టుకొని బీచుపల్లి దగ్గర కృష్ణను, ఆపైన తుంగభద్రను దాటితే కర్నూలు వస్తుంది. అక్కడి మార్కెట్ యార్డుకు ఉల్లిగడ్డతోపాటు వచ్చే పంట వాము. మనవైపు దాన్నే ఓమ అంటాం. పిల్లవాడు కడుపునొప్పి అనగానే అవ్వ చిటికెడు ఓమ, రెండు ఉప్పురాళ్లు నలిపి నోట్లో వేస్తుంది. ఈ నమ్మకంలో నిజమెంత?

గింజను అరచేతిలో నలిపితే గుప్పుమనేది అందులోని తైలం. వంద కిలోల ఓమలో అది రెండు నుండి నాలుగు కిలోలుంటుంది. ఆవిరి పట్టి తీస్తారు. ఇది మనం వంటలో పోసే నూనె వంటిది కాదు, మూత తీసి ఉంచితే గాలిలో కలిసిపోతుంది. బాగా చల్లబరిస్తే తెల్లని పలుకులు విడిపోతాయి. అంగట్లో వాటిని వామపువ్వు అంటారు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు థైమాల్. లవంగంలోని యూజెనాల్ దీనికి దాయాది. రెండూ ఫినాల్ జాతివే. 1865లో లిస్టర్ అనే శస్త్రవైద్యుడు గాయాలు చీము పట్టకుండా వాడిన కార్బాలిక్ ఆమ్లం కూడా ఈ జాతిదే. సూక్ష్మక్రిమి చుట్టూ పలుచని పొర ఉంటుంది గదా. ఈ పదార్థాలు ఆ పొరలో దూరి దాన్ని చెడగొడతాయి. లోపలి సారం బయటికి కారి క్రిమి చస్తుంది.

మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు మన దేశపు ఓమ ఓడలెక్కి జర్మనీకి పోయేది. అక్కడ థైమాల్ తీసి అమ్మేవారు. కడుపులోని కొంకి పురుగులకు ఆనాడు అదే పేరున్న మందు. గింజ మనది, లాభం వారిది! 1914లో యుద్ధం మొదలై ఆ వ్యాపారం దెబ్బతిన్నది. 1920లో హైదరాబాదులో హకీం మొయిజుద్దీన్ ఫారూఖీ గారు మొదలుపెట్టిన జిందా తిలిస్మాత్ సీసాలోనూ నీలగిరి తైలం, కర్పూరంతోపాటు ఈ వామపువ్వు ఉంటుంది.

అయితే తల్లులారా, గాజు పళ్లెంలో క్రిమి చచ్చినంత మాత్రాన కడుపులోనూ చస్తుందనుకోరాదు. ఒక గ్రాము ఓమలో ఉండే తైలం 20 నుండి 40 మిల్లీగ్రాములే. దానితో ఉబ్బరం తగ్గితే తగ్గవచ్చు గాని, విరేచనాలు పట్టుకున్న బిడ్డను అది కాపాడదు. ఆ బిడ్డకు కావలసింది ఒంట్లోనుండి పోయిన నీరు, లవణాలు. ఓ.ఆర్.ఎస్. పొట్లాన్ని దాని మీద రాసినంత నీటిలో, కాచి చల్లార్చిన నీటిలో కలిపి, కొద్దికొద్దిగా తాగించండి. తల్లిపాలు ఆపకండి. కళ్లు గుంటలు పడినా, మూత్రం రాకపోయినా, మలంలో రక్తం కనిపించినా అవ్వ మాట కోసం ఆగక ఆసుపత్రికి తీసుకుపోవాలి.

విడిగా తీసిన తైలం సంగతి వేరు. దంతవైద్యులు యూజెనాల్‌ను జింక్ ఆక్సైడ్‌తో కలిపి పంటిగుంటను తాత్కాలికంగా పూడుస్తారు. అది చేయి తిరిగినవారి పని. ఒకటి రెండు చెంచాల లవంగనూనె తాగిన పసివారికి మూర్ఛలు వచ్చి, కాలేయం దెబ్బతిన్న సంగతులు వైద్యగ్రంథాల్లో ఉన్నాయి. పాలపళ్ల పిల్లల నోట్లో ఆ నూనె దూది పెట్టకండి. లవంగనూనె, కర్పూరతైలం, తిలిస్మాత్ సీసాలు గూట్లో కాక పిల్లల చేయి అందని అటక మీద ఉంచండి. ఓమగింజల డబ్బా మాత్రం పొయ్యికి కాస్త దూరంగా, మూత బిగించి పెడితే చాలు.